పేము పట్టిన వేలు

మా పెద్దమ్మ ఎడమచేతికి ఆరు వేళ్లు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఆ వర్షాకాలంలో ఈ ఒక్క మాట చెప్పాల్సిన చోట చెప్పకపోవడం వల్లే ఇంటిల్లిపాదీ నానా అవస్థా పడ్డాం. ఆరోది బొటనవేలి పక్కన, కాస్త పొట్టిగా, తనకంటూ ఒక చిన్న గోరుతో ఉంటుంది. గోళ్లు తీసుకునేటప్పుడు పెద్దమ్మ దానితోనే మొదలుపెడుతుంది. "చిన్నవాళ్లకి ముందు" అంటుంది.

పెద్దమ్మ పేము కుర్చీలు అల్లుతుంది. కుంగిపోయిన పాత సీట్లు విప్పేసి, నానబెట్టిన పేము తీగతో మళ్లీ అల్లి ఇస్తుంది. ఈ పనిలో తీగని బిగించి లాగాక, అది వెనక్కి జారకుండా రంధ్రంలో ఒక చెక్కమేకు దూర్చి ఆపుతారు. పెద్దమ్మ పనిపెట్టెలో మేకన్నది ఉండేది కాదు. లాగిన తీగని ఆరో వేలికీ బొటనవేలికీ మధ్య నొక్కిపట్టి, కుడిచేత్తో తరవాతి రంధ్రం చూసుకునేది. బస్సు కండక్టరుగా రిటైరైన మా పెద్దనాన్న ఆ వేలిని "కంపెనీ బిగించి పంపిన మేకు" అనేవాడు. ఆవిడ అల్లిన సీటుని వేలితో మీటితే టంగుమనేది.

నేను పెద్దమ్మ చెల్లెలి కూతుర్ని, పెరిగిందీ ఉండేదీ వాళ్లింట్లోనే. ప్రింటింగ్ ప్రెస్సులో నా ఉద్యోగం. కంప్యూటరు ముందు కూర్చుని కరపత్రాలూ రసీదు పుస్తకాలూ పేరుస్తాను. ఇంటి ముందుగదే పెద్దమ్మ దుకాణం. దాని ప్రచారశాఖ మొత్తం నేనొక్కర్తినే.

వానలు మొదలవడానికి కొంచెం ముందు మా ఇంటికి పోస్టులో ఒక స్వెట్టరు వచ్చింది. దాని వెనక పెద్ద కథే ఉంది. ఫోనులో ఒక ప్రకటన. మసక వెలుతురు దుకాణం, అందులో ఒక ముసలాయన అల్లుతూ అల్లుతూ కళ్లు తుడుచుకుంటాడు. నలభై ఏళ్ల దుకాణం మూసేస్తున్నాననీ, ఇవే తన చేత్తో అల్లిన ఆఖరి స్వెట్టర్లనీ చెబుతాడు. అది చూసి పెద్దమ్మ ముక్కు ఎగబీల్చుకుంటూ పెద్దనాన్నకి ఒకటి తెప్పించింది. తీరా చూస్తే దోమతెరకి రంగు వేసినట్టుంది. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి.

"పాపం, ఏడుస్తూ అల్లి ఉంటాడు. కొలత తప్పింది" అంది పెద్దమ్మ.

పెద్దనాన్న దాన్ని తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. "ఈ పొడుగు చెయ్యి బాగానే ఉందోయ్. డ్రైవరు పక్కన నిలబడే వెనకసీటు దాకా టికెట్లు కొట్టొచ్చు."

వారం తిరక్కుండా పేపర్లో ఆ ముసలాయన బొమ్మ పడింది. అదే మొహం మీసం పెట్టుకుని దీపాలు అమ్మిందట, మీసం తీసేసి చెప్పులు అమ్మిందట. అసలు అలాంటి మనిషే లేడు, యంత్రం పుట్టించిన బొమ్మ అని రాశారు. పెద్దమ్మ ఆ వార్త రెండుసార్లు చదివింది.

"లేకపోవడమేమిటే? నేను ఏడ్చాను కదా!" అంది.

ఆ వార్త ఆవిడ మనసులో ముల్లులా ఉండిపోయింది. కొద్దిరోజులకే ప్రభుత్వం కొత్త నిబంధన తెస్తున్నట్టు ప్రకటించింది. ప్రకటనల్లో మనిషిని గానీ వస్తువుని గానీ యంత్రంతో పుట్టించినా మార్చినా, ఆ మాట బొమ్మ మీదే కళ్లకి ఆనేంత అక్షరాల్లో రాయాలి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే అధికారులు వచ్చి చూస్తారు, దుకాణందారు అసలు మనిషిని చూపించాలి. పెద్దమ్మ ఆ ముక్క కత్తిరించి ముందుగది గోడకి అంటించింది. "ఇన్నాళ్లకి ఒక మంచిపని చేశారు" అని వచ్చినవాళ్లందరికీ చూపించేది.

వచ్చినవాళ్లని అన్నాను గానీ, ఆ రోజుల్లో వచ్చేవాళ్లే తక్కువ. సీటు కుంగితే కుర్చీ పారేసి కొత్తది కొనుక్కునే కాలం. వానలు వెలిసేలోగా పని అందుకోకపోతే ముందుగది కొరియర్ వాళ్లకి అద్దెకిచ్చేద్దామని పెద్దనాన్న మెల్లిగా కదిపాడు. పెద్దమ్మ అల్లడానికి కుర్చీ లేకపోయినా రోజూ పొద్దున్నే పేము నానబెట్టేది. ఒక ఖాళీ చట్రానికి అల్లేది, సాయంత్రం విప్పేసేది. అది చూడలేకే నేను ప్రకటన వేశాను.

కిటికీ దగ్గర మంచి వెలుతురు చూసి ఫొటో తీశాను. పెద్దమ్మ మొహం సగమే పడింది, చేతులు మాత్రం నిండుగా వచ్చాయి. బిగిసిన తీగ, దాన్ని నొక్కిపట్టిన ఆరో వేలు, దాని చిన్న గోరు. ఇంత బాగా నేనెప్పుడూ తియ్యలేదు. కింద "చేత్తో అల్లిన పేము సీట్లు" అని రాసి ఫోనులో పెట్టాను.

గంట తిరక్కుండా జనం విరుచుకుపడ్డారు.

"వేళ్లు లెక్కపెట్టండి బాబూ."

"ఆరు! యంత్రానికి ఇంకా చేతులు గియ్యడం రాలేదు."

"స్వెట్టరు ముసలాయన చెల్లెలు కాబోలు."

ఇది నిజం చెయ్యేనని నేను రాశాను. "యంత్రం కూడా అదే అంటుంది" అని ఒకాయన జవాబిచ్చాడు. దానికి నవ్వినవాళ్లు లెక్కలేనంతమంది. మర్నాటికి ఫిర్యాదులు ఎక్కువై యాప్ వాళ్లే ప్రకటన తీసేశారు.

పెద్దమ్మకి ఆ రాతలు చూపించడానికి మనసు రాలేదు. ఆ మాట నిజమే, కానీ మొత్తం నిజం అదే అంటే అబద్ధమవుతుంది. చూపించడానికి నాకు సిగ్గేసింది కూడా. ఫోనులో ఫొటో తెరిచాను. కింద "దిద్దు" అని ఒక మీట ఉంటుంది. ఆరో వేలి చుట్టూ గీత గీసి ఆ మీట నొక్కాను. వేలు మాయమైంది. అది ఉన్న చోట యంత్రం ఎంతో ఒబ్బిడిగా పేము అల్లిక నింపేసింది. ప్రెస్సులో రోజూ మొహాల మీద మచ్చలు తీసే దాన్ని, ఇదీ అలాంటిదే అనుకున్నాను.

దిద్దిన బొమ్మ మళ్లీ పెట్టాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. "ఇలాంటి చేతులు ఇంకా ఉన్నాయా!" అని మెచ్చుకున్నారు. కుర్చీలు వచ్చాయి. వానలో తడుస్తూ రిక్షాల మీద, స్కూటర్ల మీద, ఒకాయన నెత్తి మీద. ముందుగదిలో కాలు పెట్టే చోటు లేదు. కొరియర్ వాళ్ల ఊసే లేకుండా పోయింది.

"ఏ బొమ్మ వేశావే?" అని అడిగింది పెద్దమ్మ తీగ లాగుతూ.

"నువ్వు అల్లుతున్నదే."

"బాగా పడ్డానా?"

"చాలా బాగా పడ్డావు."

ఆవిడ ఫోను జోలికి పోయే మనిషి కాదు, స్వెట్టరు సంగతి తరవాత మరీను. కుర్చీలు తెచ్చినవాళ్లూ బొమ్మనీ చేతినీ పోల్చి చూడలేదు. తమ కుర్చీ బాగుపడుతుందా లేదా అన్నదే వాళ్ల గొడవ. ఇక గట్టెక్కామని నేను గుండెల మీద చెయ్యి వేసుకున్నాను.

నిబంధన అమల్లోకి వచ్చిన రెండో వారంలో ప్రకటనల తనిఖీ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మా మొదటి బొమ్మ మీద ఫిర్యాదులున్నాయి, గురువారం అధికారిణి వచ్చి విచారిస్తారు అని. పెద్దమ్మ మొహం వెలిగిపోయింది.

"రానీ! వేలు చూపించి పంపిద్దాం. వాళ్ల పని వాళ్లు చేస్తున్నారంటే మంచిదే కదా."

దిద్దిన బొమ్మ సంగతి నాకొక్కదానికే తెలుసు. చెప్పేద్దామని మూడుసార్లు ముందుగదిలోకి వెళ్లి, మూడుసార్లూ "టీ కావాలా?" అని అడిగి వచ్చేశాను. మూడోసారి పెద్దమ్మ తలెత్తి, "ఏంటే, ఇవాళ టీకొట్టు పెట్టావా?" అంది.

గురువారం వాన దంచి కొడుతుంటే అధికారిణి వచ్చింది. చెప్పులు తడిసి ముద్దయ్యాయి గానీ, ప్లాస్టిక్ సంచీలో ఫైలు మాత్రం పొడిగా ఉంది. నెమ్మదైన మనిషి. చెయ్యి ముట్టుకునే ముందు పెద్దమ్మని అడిగి మరీ ముట్టుకుంది. వేళ్లు ఒక్కొక్కటే చూసి కాగితం మీద రాసుకుంది.

"ఆరు. నిజమైన చెయ్యే. ఫిర్యాదు కొట్టేస్తున్నానమ్మా."

"సీలు కూడా వేలి మీదే వేసేయండి, మళ్లీ ఎవరూ అడగరు" అన్నాడు పెద్దనాన్న. అధికారిణి నవ్వేసింది. పెద్దమ్మ కూడా నవ్వింది. తరవాత అధికారిణి ఫైల్లో ఇంకో కాగితం తిప్పింది.

"దీని మీద ఫిర్యాదేమీ లేదు. కానీ దుకాణం పేరుతో ఉన్నవన్నీ చూడాలి. ఇందులో ఐదు వేళ్లే ఉన్నాయి. ఈ చెయ్యి ఎవరిది?"

పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం అందుకుంది. వేళ్లు లెక్కపెడుతుందనుకున్నాను. ఆవిడ ముందు అల్లిక చూసింది.

"ఇక్కడ తీగ ఎవరు పట్టుకున్నారు?" అంది. "ఇంత బిగువు తీగ, పట్టుకున్నవాళ్లు లేరు. ఎగిరి మొహాన కొట్టాలే?"

"నేనే పెద్దమ్మా... ఫోనులో దిద్దాను" అన్నాను.

"దిద్దావా?"

కాగితం అధికారిణికి తిరిగి ఇచ్చేసింది. "తప్పుని కదే దిద్దుతారు" అంది, గొంతు కొంచెం కూడా పెంచకుండా. పేము నానింది, తియ్యాలి అంటూ లోపలికి వెళ్లిపోయింది.

అధికారిణి నాకు చెయ్యాల్సిన పనులు చెప్పింది. రెండో బొమ్మ తీసేయాలి. దాన్ని చూసి కుర్చీలు ఇచ్చినవాళ్లందరికీ అది మార్చిన బొమ్మ అని తెలియజెయ్యాలి. ఒక ఫారం నింపి పదిహేను రోజుల్లో ఆఫీసులో ఇవ్వాలి. ఫారంలో బొమ్మ మార్చినవారి పేరు నేను రాశాను. దాని కింది గడిలో "దుకాణందారుతో సంబంధం" అని ఉంది. అది దుకాణందారే స్వయంగా రాయాలట. ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

పెద్దమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బతికిపోదును. అన్నం తిన్నావా, గొడుగు తీసుకెళ్లు, అంతే మాటలు. అంతకంటే బాధించింది ఇంకోటి. గుమ్మంలో ఎవరైనా కనపడగానే ఎడమచెయ్యి ఏప్రన్ జేబులోకి వెళ్లిపోయేది. ఏనాడూ దాచని చెయ్యి అది. ఆ ఆదివారం పెద్దనాన్న మెట్ల మీద కూర్చుని కత్తితో ఏదో చెక్కుతున్నాడు. దగ్గరికెళ్లి చూస్తే చెక్కమేకులు.

"చెయ్యమంది" అన్నాడు నా మొహం చూడకుండా. ఆయన జోకు వెయ్యకుండా ఉండటం నేను చూడటం అదే మొదలు.

నేను ముందుగదిలోకి వెళ్లి పెద్దమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"నీ వేలంటే నాకు చిన్నతనం కాదు పెద్దమ్మా. వాళ్లందరూ నవ్వుతుంటే తట్టుకోలేకపోయాను."

ఆవిడ రంధ్రంలో మేకు దూర్చి, సుత్తితో చిన్నగా తట్టింది.

"నవ్వింది వాళ్లు. తీసేసింది నువ్వు" అంది. కాసేపటికి మళ్లీ తనే అంది. "నీకు నడక వచ్చేటప్పుడు మిగతా వేళ్లేవీ నీ పిడికిట్లో పట్టేవి కావు. అదే పట్టుకుని ఇల్లంతా తిరిగావు. నీకు గుర్తుండదులే."

అక్కడే ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు, లేచి పొమ్మనీ అనలేదు. ఇంకో మేకు అందుకుంది.

తరవాత వారమంతా ప్రెస్సు నుంచి వచ్చాక గొడుగేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. మా ప్రకటనలో ఉన్నది మార్చిన బొమ్మండీ, మా పెద్దమ్మ చేతికి ఆరు వేళ్లండీ, ఒకటి నేను చెరిపేశానండీ. పదకొండు గుమ్మాల్లో ఇదే పాట. చాలామంది "దానికేం, సీటు ఎప్పుడిస్తారు?" అన్నారు. ఒకావిడ మాత్రం మోసమని కోప్పడి, మర్నాడే సగం అల్లిన కుర్చీని అలాగే పట్టుకుపోయింది. ఆవిడని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

ఆఖరున మంగలి షాపుకి వెళ్లాను. ఆయన షాపులో జనం కూర్చునే రెండు కుర్చీలు మా దగ్గరే ఉన్నాయి. నా మాట పూర్తిగా విని, దువ్వెన పక్కన పెట్టేశాడు.

"ఆరు వేళ్ల బొమ్మ మీద ఫిర్యాదు చేసినవాళ్లలో నేనూ ఉన్నానమ్మా" అన్నాడు. "అది దొంగబొమ్మనుకున్నాను. మర్నాడు ఐదు వేళ్లది చూసి, ఇదీ అసలు మనిషంటే, అని కుర్చీలు పంపించాను."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మర్నాడు ఆయనే దుకాణానికి వచ్చాడు. పెద్దమ్మ చెయ్యి యథాప్రకారం జేబులోకి వెళ్లిపోయింది. ఆయన గుమ్మం దగ్గరే నిలబడి గొంతు సవరించుకున్నాడు. "నేను తప్పుగా అనుకున్నానమ్మా. ఏమీ అనుకోకండి" అన్నాడు. తరవాత, మేకులు పెట్టి అల్లిన తన కుర్చీని అలవాటుగా బొటనవేలితో నొక్కి చూశాడు. కత్తెర పట్టే చెయ్యి కదా, దేన్నయినా నొక్కి చూస్తుంది.

"ఇది కాస్త వదులుగా ఉన్నట్టుందేమ్మా?"

ఆ గదిలో అంతకుముందు ఎవరూ అనని మాట అది. పెద్దనాన్న పేపరు దించాడు. పెద్దమ్మ ముందుకి వంగి సీటుని వేలితో మీటింది. టంగుమనలేదు, టప్పుమంది.

"ఔను, వదులే" అంది. "రేపు రా బాబూ, విప్పి మళ్లీ అల్లి ఇస్తాను."

ఆయన వెళ్లాక మేకులన్నీ ఏరి పెద్దనాన్న ఒళ్లో పోసింది. "పొయ్యిలోకి పనికొస్తాయి" అంది. సీటు విప్పి, నానిన తీగ తీసి, ఎడమచెయ్యి జేబులోంచి బయటికి తెచ్చింది. రెండు వరసలు వేశాక నావైపు చూసింది.

"ఇలా రా. నీ బొమ్మలో పట్టినట్టు పట్టు, చూద్దాం."

నేను తీగని నా బొటనవేలితో, చూపుడువేలితో గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ లాగి బిగించింది. ఊపిరి బిగబట్టి ఒక్క క్షణం ఆపానేమో, తీగ జారి, ఎగిరి వచ్చి చెంప ఛెళ్లుమనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. బుగ్గ తడుముకుంటుంటే పెద్దమ్మ నవ్వు వినిపించింది. పదిరోజుల తరవాత అదే మొదటిసారి.

"చెప్పానా, మొహాన కొడుతుందని?"

"రైట్ రైట్!" అని అరిచాడు పెద్దనాన్న, బస్సు కదిలినట్టు.

మర్నాడు కిటికీ దగ్గర మళ్లీ ఫొటో తీశాను. కింద ఏం రాయాలో పెద్దమ్మే చెప్పింది, నేను అక్షరం పొల్లుపోకుండా రాశాను: "ఈ చేతికి ఆరు వేళ్లు. నమ్మకపోతే వచ్చి లెక్కపెట్టుకోండి. ఇంతకు ముందు వేసిన బొమ్మలో ఒకటి చెరిపేశాం. తప్పు మాదే." నేను చెరిపేశానని రాస్తానన్నాను. "దుకాణం పేరు మీద వచ్చింది. మాదే అని రాయి" అంది. ఆ బొమ్మకి కుర్చీలు అంతకు ముందంత జోరుగా రాలేదు గానీ, వచ్చినవాళ్లు మాత్రం గుమ్మంలోంచే "ఏదమ్మా, చూపించండి" అని అడిగేవాళ్లు. ముందుగది మాకే మిగిలింది.

ఫారం ఇవ్వాల్సిన ఆఖరి రోజున అది నా సంచీలో పైనే మడిచి పెట్టి ఉంది. పెద్దమ్మ ఎప్పుడు రాసిందో తెలియదు. దారిలో విప్పి చూసే ధైర్యం లేక, అలాగే తీసుకెళ్లి అధికారిణి బల్ల మీద పెట్టాను. వాన వెలిసింది, ఆఫీసు కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. ఆవిడ ఒక్కొక్క గడి మీద పెన్ను ఆనిస్తూ కిందికి వచ్చి, ఒకచోట ఆగింది.

"సంబంధం దగ్గర కూతురు అని రాశారు. ఆరోజు మీరు పెద్దమ్మా అని పిలిచినట్టు గుర్తు. పొరపాటు పడి ఉంటే ఇప్పుడే దిద్దేద్దాం."

కాగితం నావైపు తిప్పి చూసుకున్నాను. పెద్దమ్మ రాతే. పెన్ను గట్టిగా నొక్కి రాసింది.

"వద్దండీ, దిద్దకండి" అన్నాను. "ఉన్నదున్నట్టే రాసింది."

అధికారిణి నా మొహం వైపు చూసింది, బుగ్గ మీద ఇంకా పూర్తిగా మానని గీత వైపు కూడా. ఇంకేమీ అడగకుండా సీలు వేసింది.